గడ్డకట్టిన నది కింద చేప, పైన మనిషి: ఇద్దరి లెక్కా ప్రవాహంతోనే

చలికాలంలో ఉత్తర ధ్రువం వైపు నుంచి గాలి దిగొచ్చి అమెరికా ఉత్తరాదిని కమ్మేసినప్పుడల్లా రెండు రకాల దృశ్యాలు మన ఫోన్లలోకీ వస్తుంటాయి. మైనస్ ముప్పైలో, గడ్డకట్టిన నది మీద గుడారం వేసుకుని, కన్నంలోంచి క్రాపీ చేపలు లాగుతున్న జనం ఒకటి. ఐసు విరిగి మనుషులో బళ్లో నీళ్లలో పడ్డ సంగతి రెండోది. అంత చలికి నది అడుగుదాకా గడ్డకట్టదా, కడితే చేప ఎట్లా బతుకుతుంది, కట్టకపోతే మనిషి బరువును ఏది మోస్తోంది అన్న అనుమానాలు ఎవరికైనా వస్తాయి.

ఇది మనకు మరీ దూరపు సంగతి కాదు. 2022 డిసెంబరు 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ లేక్ అనే చెరువు మీద నడుస్తుండగా ఐసు విరిగి ముగ్గురు తెలుగువాళ్లు చనిపోయారు. అది నిలవ నీరు. నది అంతకన్నా మెలికలున్న వ్యవహారం. నదిలో గాలి చలి ఎంతుందన్నది సగం సమాచారమే. మిగతా సగం, నిజానికి పెద్ద సగం, ఐసు కింద నీరు ఎంత జోరుగా కదులుతోందన్నది. చేప ఎక్కడుంటుందో, ఐసు ఎక్కడ ఆగుతుందో రెండూ దాన్నిబట్టే ఉంటాయి. చిక్కేమిటంటే, ఆ రెండు జవాబులు కొన్నిసార్లు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి.

ముందే ఒక మాట: ఈ వ్యాసంలో ఆకాశం నుంచి రాలేది మంచు, నీరు గడ్డకట్టి ఏర్పడేది ఐసు.

ఏ నది, ఏ చేప

ఉదాహరణకు మిసిసిపీ నది ఎగువ భాగాన్ని, మిన్నెసోటా-విస్కాన్సిన్ రాష్ట్రాల మధ్య సరిహద్దుగా పారే చోటును తీసుకుందాం. సరుకు పడవలు తిరగడానికి కనీసం తొమ్మిది అడుగుల లోతు ఉండాలని 1930లో అమెరికా కాంగ్రెస్ తీర్మానించింది. ఆ దశాబ్దంలోనే నదికి అడ్డంగా వరసగా డ్యాములు, పడవలు దాటే లాకులు లేచాయి. రెండు డ్యాముల మధ్య నీటిని పూల్ అంటారు, ఒక్కోదానికి ఒక్కో అంకె. డ్యాములు నీటిని ఎత్తడంతో చుట్టుపక్కల పల్లపు భూములు మునిగి, ప్రధాన ప్రవాహానికి పక్కన వందలాది పాయలు, మడుగులు ఏర్పడ్డాయి. అంతకుముందే, 1924లో, వాబషా నుంచి రాక్ ఐలండ్ దగ్గరిదాకా 261 మైళ్ల పొడవున నదీతీరాన్ని వన్యప్రాణులకు, చేపలకు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మన కథంతా ఆ మడుగుల్లోనే.

క్రాపీ ఉత్తర అమెరికాకు సొంత చేప, సన్‌ఫిష్ కుటుంబానిది. నల్ల క్రాపీ, తెల్ల క్రాపీ అని రెండు రకాలు. ఈ ఉత్తరాది మడుగుల్లో నల్లదే ఎక్కువ. జానెడు నుంచి జానెడున్నర పొడవు. కళ్లు పెద్దవి కాబట్టి మసక వెలుతురులో మేత వెతుక్కుంటుంది. పొద్దు వాలే వేళ, తెల్లవారుజామున చురుగ్గా ఉంటుంది. నోరు పైకి తెరుచుకుని ఉంటుంది, అందుకని తనకన్నా పైన కదిలేదాన్నే ఎక్కువగా అందుకుంటుంది. నీటిలో తేలే సూక్ష్మజీవులు, దోమజాతి పురుగుల లార్వాలు, చిన్న చేపపిల్లలు దాని తిండి. పట్టేవాళ్లు ఆగర్ అనే తొలిచే మరతో జానెడు వెడల్పు కన్నం చేసి, మూరెడు గాలం కర్రతో, గోరంత జిగ్‌కు, అంటే సీసపు ముద్ద అతికిన గాలపు కొక్కేనికి, ఒక పురుగు గుచ్చి, చేప ఉన్న లోతుకు కాస్త పైన ఆపుతారు. దాని నోటి పొర బాగా పలచన. గట్టిగా గుంజితే చిరిగి చేప జారిపోతుంది.

అడుగుదాకా ఎందుకు గడ్డకట్టదు

చాలా ద్రవాలు చల్లబడేకొద్దీ బరువెక్కుతాయి. నీరు కూడా అంతే, కానీ 4 డిగ్రీల సెల్సియస్ దాకానే. ఆ కింద మళ్లీ తేలికవుతుంది. అందుకే చలికాలపు చెరువులో సున్నా డిగ్రీల నీరు పైకి చేరి గడ్డకడుతుంది, 4 డిగ్రీల నీరు అడుగున నిలుస్తుంది. పైన పట్టిన ఐసు, దాని మీద పడిన మంచు, రెండూ వేడిని బయటికి తేలిగ్గా పోనివ్వవు.

స్కూల్లో చదువుకున్నది ఇంతవరకే. నదిలో ఒక మెలిక ఉంది. 4 డిగ్రీల దగ్గర వెయ్యి లీటర్ల నీరు సుమారు 999.97 కిలోలు తూగుతుంది, సున్నా దగ్గర 999.84 కిలోలు. తేడా 130 గ్రాములు. పైనీరు పైన, కిందినీరు కింద ఉండేది ఈ ఇంత తేడా బలం మీదే. ప్రవాహం కాస్త జోరందుకుంటే ఆ పొరలు కలిసిపోతాయి. అందుకే మిసిసిపీ ప్రధాన ప్రవాహంలో పైనుంచి అడుగుదాకా నీరు దాదాపు సున్నా దగ్గరే ఉంటుంది. కడుచలి రాత్రుల్లో సున్నాకు వెంట్రుకవాసి కిందికి కూడా దిగి, నీటి మధ్యలోనే సన్నని ఐసు రేకులు పుట్టి కొట్టుకుపోతుంటాయి. పక్కనే, వంద గజాల దూరంలో ఉన్న మడుగులో అడుగు నీరు 2, 3 డిగ్రీలుండొచ్చు. మనకు ఆ తేడా లెక్కలోకి రాదు. చేపకు అది చావుబతుకుల సంగతి.

చేపకు కావలసినవి మూడు

మొదటిది కాస్త వెచ్చదనం. రెండోది కదలని నీరు. చేప శీతల రక్త జీవి కాబట్టి నీరు ఒక డిగ్రీ దగ్గరుంటే దాని కండరాలు కూడా మందగిస్తాయి. సెకనుకు ఒక సెంటీమీటరు ప్రవాహమంటే గంటకు 36 మీటర్లు, కంటికి ఆనని కదలిక. ఆ మాత్రం ప్రవాహానికి ఎదురు నిలవడానికీ క్రాపీ నెలల తరబడి శక్తి ఖర్చు పెట్టాలి. తిండి తక్కువైన కాలంలో ఆ ఖర్చును అది మోయలేదు.

మూడోది ఆక్సిజన్. భీమవరం వైపు రొయ్యల రైతులకు డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, అన్న మాట కొత్తేమీ కాదు. తెల్లవారుజామున డీవో పడిపోతుందని రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతారు. ఐసు కింద మడుగుది అలాంటి రాత్రే, కాకపోతే మూడు నెలల పొడవు. చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువగా కరుగుతుంది నిజమే: 30 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు పడితే, సున్నా దగ్గర 14.6 దాకా పడుతుంది. అయితే ఐసు మూసుకున్నాక గాలి తగలదు. ఐసు మీద మంచు పేరుకుంటే వెలుతురు కిందికి దిగదు, నీటిమొక్కలు ఆక్సిజన్ తయారుచేయడం ఆగిపోతుంది. అడుగున కుళ్లే ఆకులు, బురద మాత్రం దాన్ని తింటూనే ఉంటాయి.

ఈ మూడింటినీ ఒకచోట పెట్టి చూస్తే ముడి బయటపడుతుంది. వెచ్చదనం, నిశ్చలత దొరికేది ప్రవాహం లేనిచోట. ఆక్సిజన్ తెచ్చేది ప్రవాహం. నాలుగో డ్యాముకు దిగువన ఫింగర్ లేక్స్ అనే మడుగుల్లో నల్ల క్రాపీలకు, బ్లూగిల్ అనే దాని చుట్టం చేపలకు రేడియో పరికరాలు అమర్చి శాస్త్రవేత్తలు ఈ సంగతే గమనించారు. ఆ అధ్యయనం 1995లో అచ్చయింది. ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములకు మించి ఉన్నంతకాలం చేపలు ఒక డిగ్రీకి పైబడిన, ప్రవాహం అసలు తెలియని నీటినే ఎంచుకున్నాయి. ఆక్సిజన్ 2 కిందికి పడగానే ఆ సుఖం వదులుకుని, ఒక డిగ్రీ కన్నా చల్లగా ఉన్నా, ప్రవాహం తగులుతున్నా, ఆక్సిజన్ ఉన్న వైపు కదిలిపోయాయి.

డిసెంబరులో దండిగా క్రాపీలు పడిన మడుగు ఫిబ్రవరికల్లా ఖాళీ అయిందంటే, జనం అన్నీ పట్టేశారనో చేపలు నిద్రపోతున్నాయనో అంటుంటారు. చాలాసార్లు అవి పక్కకు తప్పుకున్నాయంతే.

లోతు ఎందుకు అంత ముఖ్యం: ఒక మడుగు లెక్క

లెక్క కోసం అంకెలు మనమే అనుకుందాం. ఐసు పట్టిన రోజున నీటిలో ఆక్సిజన్ లీటరుకు 12 మిల్లీగ్రాములు, అంటే ఘనమీటరుకు 12 గ్రాములు. ప్రమాదపు గీత 2 గ్రాములు. వాడుకోగలిగింది ఘనమీటరుకు 10 గ్రాములు. అడుగున బురద రోజుకు చదరపు మీటరుకు పావు గ్రాము తింటుందనుకుందాం. ఐసు కింద మూడు మీటర్ల నీరుంటే చదరపు మీటరుకు 30 గ్రాముల నిల్వ, 120 రోజులు వస్తుంది. ఐసు ఉండేది సుమారు మూడు నెలలు కాబట్టి గట్టెక్కినట్టే. నీరు మీటరున్నరే ఉంటే 15 గ్రాములు, 60 రోజులు. డిసెంబరు నడిమికి మూసుకున్న మడుగు ఫిబ్రవరి నడిమికి ఊపిరాడని చోటవుతుంది.

డ్యాములు కట్టి తొంభై ఏళ్లవుతోంది. ఈ తొంభై ఏళ్లలో ఒండ్రు పేరుకుని మడుగులు చాలాచోట్ల పూడుకుపోయాయి. ఒకనాటి మూడు మీటర్లు ఇప్పుడు మీటరో మీటరున్నరో. పైగా గట్టి చలికాలంలో ఐసే అర మీటరు మందం తేలితే, లోతు తక్కువైన మడుగులో దాదాపు సగం నీరు ఐసులోకే పోతుంది. కడుచలి చేప ఇంటిని ఇరుకు చేస్తుందన్నది ఈ రకంగా నిజం.

ఐసు మందం: చలి ఒక్కటే చెప్పదు

ఐసు ఎంత పెరుగుతుందో అంచనా వేయడానికి ఇంజనీర్ల దగ్గర ఒక సులువైన సూత్రం ఉంది. రోజు సగటు ఉష్ణోగ్రత సున్నాకు ఎన్ని డిగ్రీలు కిందుందో రోజురోజుకీ కూడాలి. ఆ మొత్తానికి వర్గమూలం తీసి, నీటి స్వభావాన్ని బట్టి ఒక గుణకంతో హెచ్చవేస్తే మందం సెంటీమీటర్లలో వస్తుంది. మంచు కప్పిన చెరువుకు గుణకం సుమారు 2, మంచు కప్పిన మామూలు నదికి 1.5, చాటున జోరుగా పారే చిన్న పాయకు 1 లేదా అంతకన్నా తక్కువ.

పది రోజులు వరసగా సగటున మైనస్ 16 ఉందనుకోండి. మొత్తం 160, వర్గమూలం సుమారు 12.6. అదే చలికి చెరువు మీద 25 సెంటీమీటర్లు, నది మీద 19, జోరు పాయ మీద 12 చిల్లర. ఇంకో పది రోజులు అదే చలి కొనసాగితే మొత్తం 320, వర్గమూలం 17.9. చెరువు ఐసు 36కే చేరుతుంది. మొదటి పది రోజుల్లో 25 పెరిగింది, రెండో పది రోజుల్లో 11 మాత్రమే. ఐసు మందమయ్యేకొద్దీ తన కింది నీటికి తనే దుప్పటి అవుతుంది. ‘రాత్రి మైనస్ ముప్పై కొట్టింది, ఇక భయం లేదు’ అన్న ధీమా ఎందుకు చెల్లదో ఈ లెక్కే చెబుతుంది. ఒక్క రాత్రి చలి మొత్తంలో మహా అయితే 30 కలుపుతుంది, అంతే.

మోసే బరువు సంగతి ఇంకా పదునైనది. తేలుతున్న గట్టి ఐసు మోయగల బరువు మందానికి వర్గం లెక్కన పెరుగుతుంది. కెనడాలో వాడే జాగ్రత్త సూత్రం ప్రకారం సెంటీమీటర్ల మందాన్ని వర్గం చేసి 4తో హెచ్చవేస్తే కిలోలు వస్తాయి. 20 సెంటీమీటర్లకు 1600 కిలోలు, 10కి 400, 5కి 100. మందం సగమైతే బలం నాలుగో వంతు. నల్లగా, అద్దంలా కనిపించే స్వచ్ఛమైన ఐసుకే ఈ లెక్క. మంచు తడిసి గడ్డకట్టిన తెల్ల ఐసు బలం సుమారు సగం కాబట్టి దాన్ని సగం మందంగానే లెక్కేస్తారు. పది సెంటీమీటర్ల తెల్ల ఐసంటే ఐదు కిందే జమ. వంద కిలోలంటే చలిబట్టలు, సామాను బండితో ఒక మనిషి. నడవడానికి కనీసం నాలుగంగుళాల స్వచ్ఛమైన ఐసు ఉండాలని మిన్నెసోటా ప్రకృతి వనరుల శాఖ చెబుతుంది. ఏ ఐసూ పూర్తిగా క్షేమం కాదని కూడా ఆ పక్కనే చెబుతుంది.

చెరువు మీద ఒకచోట కొలిస్తే చుట్టుపక్కల కొంత నమ్మొచ్చు. నదిలో ఆ నమ్మకం పది అడుగులకే చెల్లిపోవచ్చు. పాయ మలుపులు, వాగు కలిసే చోట్లు, ఊటలు, వంతెన స్తంభాల చుట్టూ, నీటిలో మునిగి ఉండే పాతకాలపు రాతి అడ్డుకట్టల పైన ప్రవాహం ఐసును కిందనుంచి అరగదీస్తుంది. పెపిన్ సరస్సు లాంటి వెడల్పైన భాగం నుంచి బయటికొచ్చే నీటిలో ఏ కొద్ది వెచ్చదనం ఉన్నా సరిపోతుంది. ఆ దిగువన రీడ్స్ లాండింగ్, వాబషా దగ్గర నడి చలికాలంలోనూ నది తెరుచుకునే ఉంటుంది. అందుకే బట్టతల గద్దలు చేపల కోసం అక్కడికి చేరతాయి. డ్యాముల నుంచి వదిలే నీరు పెరిగినా తగ్గినా ఇంకో తంటా: కింద నీటిమట్టం దిగితే ఐసు ఆధారం లేకుండా వేలాడుతుంది, ఎక్కితే గట్టు పక్కన పగులుతుంది. పైన చెప్పిన సూత్రం నీటి మీద తేలే ఐసుకే గానీ వేలాడే ఐసుకు కాదు.

చెరువులో పడినవాళ్లకు పడిన కన్నం తలపైనే ఉంటుంది. నదిలో ప్రవాహం మనిషిని ఐసు కిందికి ఈడ్చుకుపోతుంది. నాకు తెలిసి నదికీ చెరువుకీ ఉన్న తేడాల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. అందుకే నది మీద పాత కాపులు ఆగర్ కన్నా ముందు గునపం పట్టుకుంటారు. అడుగడుగునా పొడిచి చూస్తూ నడుస్తారు.

కడుచలిలో చేప ఎర ముట్టదా?

2019 జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 33 నమోదైంది. ఆ రోజు మిన్నెసోటాలో టపా బట్వాడా కూడా ఆపేశారు. అలాంటి చలి గాలులు రాగానే క్రాపీలు నోరు మూసుకుంటాయని చాలామంది గట్టిగా నమ్ముతారు. కారణం దగ్గర మాత్రం వాదాలున్నాయి.

వాయుపీడనం అన్నది అన్నిటికన్నా పేరున్న వాదన. చలిగాలి వెంట పీడనం పెరుగుతుంది, చేప గాలితిత్తి నొక్కుకుంటుంది, తిండి మానేస్తుంది అంటారు. లెక్క వేసి చూద్దాం. ఒక మీటరు నీరు సుమారు 98 హెక్టోపాస్కల్స్ ఒత్తిడి కలిగిస్తుంది. బలమైన చలిగాలి తెచ్చే మార్పు ఇరవై, ఇరవై ఐదు హెక్టోపాస్కల్స్ అనుకుంటే, చేప పావు మీటరు కిందికో పైకో జరిగినదానితో సమానం. క్రాపీ మేత కోసం పూటపూటా అంతకన్నా ఎక్కువే ఎక్కి దిగుతుంది. ఒత్తిడి ఎంత అన్నది కాదు, గంటలకొద్దీ ఒకే వైపు మారుతుండటాన్ని చేప పసిగడుతుందని ఈ వాదం వాళ్లు జవాబిస్తారు. అది కొట్టిపారేయలేని మాటే గానీ, గాలితిత్తి నొప్పి కథ మాత్రం నిలవదు.

వెలుతురు వాదన నాకు ఎక్కువ నచ్చుతుంది. చలిగాలి వెనకాల ఆకాశం తేటపడుతుంది. ఐసు మీద మంచు పలచగా ఉన్నచోట పగటి వెలుగు బాగా దిగుతుంది. మసకలో వేటాడే పెద్ద కళ్ల చేప అలాంటి పగలు వెనక్కి తగ్గి, పొద్దుగూకాక మళ్లీ కదలడంలో వింతేమీ లేదు. ఇంకొందరు తప్పు చేపది కాదు మనిషిదే అంటారు. కర్ర మీది రింగుల్లో నీరు గడ్డకట్టి దారం కదలదు, పురుగు బిగుసుకుపోతుంది, కన్నం నిమిషాల్లో మూసుకుంటుంది, చేతులు స్పర్శ కోల్పోతాయి. క్రాపీ తరచుగా ఎరను మెల్లగా పీల్చి పైకి లేస్తుంది. బెండు మునగదు, వాలిపోతుందంతే. వణికే చేతికి అది తెలియదు. ఐసు కింద నీటి ఉష్ణోగ్రత పైన మైనస్ 5 ఉన్నా మైనస్ 30 ఉన్నా ఒక్క రోజులో పెద్దగా మారదు కాబట్టి ఈ వాదనకూ బలముంది.

వాతావరణ వార్తల్లో చెప్పే విండ్ చిల్ అంకెను మాత్రం దీనిలోకి లాగకూడదు. అది గాలికి మన చర్మం ఎంత త్వరగా వేడి కోల్పోతుందో చెప్పేది. విండ్ చిల్ మైనస్ 45 అన్నారని ఐసు మైనస్ 45 చలికి పెరిగినట్టు పెరగదు. చర్మానికి మాత్రం మైనస్ 28 విండ్ చిల్‌లోనే అరగంటలో మంచు కాటు తగలొచ్చు. ఆ చలికి తట్టుకోలేక గుడారం బిగించి గ్యాస్ హీటర్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంకో గండం.

చేపలు ఒకేచోట చేరితే

చలికాలంలో క్రాపీలకు సరిపడే మడుగులు కొన్నే. చుట్టూ మైళ్ల దూరంలోని చేపలు అక్కడికే చేరతాయి. ఎదురుగా ఉన్న చేపను అప్పటికప్పుడు తెర మీద చూపించే కొత్త తరం సోనార్లు వచ్చాక వాటిని కనిపెట్టడం మరీ తేలికైంది. దీన్ని వేట అనాలా, వీడియో ఆట అనాలా అన్న గొడవ అమెరికాలో ఇప్పుడు జోరుగా ఉంది. పరికరాన్ని కట్టడి చేయాలని ఒక వర్గం అంటుంది. పట్టే సంఖ్యకు పరిమితి పెడితే చాలు, పరికరమేదైతేనేం అని రెండో వర్గం. మిసిసిపీ మీద ప్రభుత్వాలు ఎంచుకున్నది సంఖ్య దారే: 2020లో మిన్నెసోటా, విస్కాన్సిన్ సరిహద్దు నీళ్లలో ఒక మనిషి రోజుకు పట్టగల క్రాపీలను 25 నుంచి 15కు తగ్గించాయి. పట్టి వదిలేస్తాం కదా అనేవాళ్ల వాదన కడుచలిలో అంతగా నిలవదు. మైనస్ ముప్పైలో చేపను కొద్దిసేపు పైన ఉంచినా మొప్పలు, కళ్లు గడ్డకట్టడం మొదలవుతుంది.

మడుగుకు ఎన్ని నీళ్లు వదలాలి

పూడుకుపోతున్న మడుగులను కాపాడటానికి 1986లో అమెరికా ప్రభుత్వం ఎగువ మిసిసిపీకి ఒక పునరుద్ధరణ పథకం తెచ్చింది. దాని కింద కొన్నిచోట్ల పూడిక తీసి లోతు పెంచారు. కొన్నిచోట్ల ప్రవాహం, అలలు తగలకుండా అడ్డంగా మట్టి దీవులు కట్టారు. ఫింగర్ లేక్స్‌లో ఊపిరాడక చేపలు తప్పుకున్న మడుగులకు డ్యాము కట్టలోంచి గేట్లున్న తూములు వేసి పై పూల్ నీటిని వదిలారు.

తూముల దగ్గర పాత ముడే మళ్లీ వచ్చింది. తక్కువ వదిలితే ఆక్సిజన్ చాలదు. ఎక్కువ వదిలితే సున్నా డిగ్రీల నది నీరు మడుగంతా పరుచుకుని, అడుగున ఉన్న కాస్త వెచ్చదనాన్నీ కలిపేసి, ప్రవాహానికి నిలవలేని చేపలను వెళ్లగొడుతుంది. అందుకే గేట్లు. ఎంత తెరవాలన్నది ఆక్సిజన్ కొలిచి, ఉష్ణోగ్రత చూసి తేల్చుకోవలసిందే. ప్రజల సొమ్ము నాలుగు రకాల వేట చేపల కోసం ఖర్చు చేయడమేమిటని అడిగేవాళ్లున్నారు. లోతు తిరిగొస్తే చేపలతో పాటు పక్షులకు, నీటిమొక్కలకూ మేలేనని సమర్థించేవాళ్లు అంటారు. డ్యాములు ఉన్నంతకాలం ఒండ్రు చేరుతూనే ఉంటుంది కాబట్టి తీసిన పూడిక మళ్లీ మళ్లీ తీయాల్సిందేనన్నది మాత్రం ఇరువైపులా ఒప్పుకునేదే.

మిన్నెసోటాలో చెరువుల కోసం చలికాలంలో ఏరియేటర్లు నడిపేవాళ్లు చుట్టూ ‘పలచని ఐసు’ అని బోర్డులు పెట్టాలన్న నియమం ఉంది. చేపకు ఊపిరినిచ్చే కదిలే నీరే పైనున్న ఐసును తినేస్తుంది కాబట్టి. నదిలో వాగు కలిసే చోటుకు, పాయ నోటికి, కట్ట కింది తూముకు అలాంటి బోర్డు ఉండకపోవచ్చు. ఫిబ్రవరిలో ఆక్సిజన్ కోసం క్రాపీలు వరస కట్టేది సరిగ్గా ఆ వైపే.